పూర్తిగా దిగిపోయిన ఇన్వర్టర్ బ్యాటరీ: లేపే దారి వేరు, నింపే దారి వేరు

సోంపేట నుంచి బారువ వెళ్లే దారికి కొంచెం లోపలగా మాకో కొబ్బరితోట ఉంది. అందులో రెండు గదుల ఇల్లు, కాపలాకి ఒక జంట, రెండు ఆవులు. కరెంటు స్తంభాలు తోట దాకా రాలేదు, వస్తాయన్న ఆశ కూడా వదిలేశాం. అందుకని సోలారే దిక్కు. కప్పు మీద 330 వాట్ల ప్యానెళ్లు రెండు, గోడకి ఒక చార్జ్ కంట్రోలర్ (ప్యానెళ్ల కరెంటుని అదుపులో పెట్టి బ్యాటరీకి ఎక్కించే డబ్బా), పక్కనే 24 వోల్టుల ఇన్వర్టర్, కింద 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత పట్టగలదో చెప్పే కొలత) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే నీళ్లు పోసే రకం, రెండు సిరీస్‌లో, ఒకదాని ప్లస్‌కి ఇంకోదాని మైనస్ కలిపి. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఒక టీవీ. పేదరికమూ కాదు, దర్జా కూడా కాదు.

ఒక ఏడాది దసరా ముందు నాలుగు రోజులు ముసురు పట్టింది. ఇన్వర్టర్ కీచుకీచుమని అరిచి ఆగిపోయింది. పండగకి కాపలావాళ్లు సొంతూరు వెళ్లిపోయారు. స్విచ్ ఆపారు కానీ బ్యాటరీ వైరు తీయలేదు. ఇన్వర్టర్ నిద్రపోతున్నా దాని లోపలి సర్క్యూట్ బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుందని నాకూ అప్పటికి తెలియదు. గాలివానకి ప్యానెల్ వైరు ఒకటి ఊడిపోయింది, పైనుంచి వచ్చేది కూడా లేదు. పద్దెనిమిది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది.

"బాబూ, ఎండ మండిపోతంది గానీ బేట్రీ ఎక్కట్లేదు. డబ్బా మీద పచ్చ లైటు ఎలుగుతంది. ఫుల్లని సూపిత్తంది. ఫ్యానేమో తిరగట్లేదు."

అప్పటికే పక్క ఊరి కుర్రాడొకడు వచ్చి ప్యానెల్ వైరు బిగించాడట. చార్జింగ్ ఎక్కడం లేదని కంట్రోలర్ వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడట. ఆ పచ్చ లైటు కథ అక్కడే మొదలైంది. నేను వెళ్లి మీటరు పెడితే రెండు బ్యాటరీలూ కలిపి 17.2 వోల్టులు. విడివిడిగా ఒకటి 9.1, ఇంకోటి 8.1. చాలా కంట్రోలర్లు వైరు తగిలించిన క్షణంలో వోల్టేజీ చూసి ఇది 12 వోల్టుల సిస్టమా, 24 దా అని తమంతట తామే తేల్చుకుంటాయి. 18 కంటే తక్కువ కనిపిస్తే 12 అనుకునేవే ఎక్కువ. 12 వోల్టుల బ్యాటరీలో 17 ఉందంటే దాని లెక్కలో అది పొంగిపొర్లుతున్నట్టే. అందుకే చార్జింగ్ ఆపేసి, ఫుల్ అని పచ్చ లైటు వేసి కూర్చుంది. కప్పు మీద ఎండ, కింద ఆకలితో బ్యాటరీలు, మధ్యలో ఈ పెద్దమనిషి.

ఆ రెండు బ్యాటరీలతో వారం రోజులు కుస్తీ పట్టాను. ఆ తర్వాత తెలిసినవాళ్ల ఇళ్లల్లో ఇంకొన్నిటితో పట్టాను. ఎవరు అడిగినా ఇప్పుడు నేను ముందు చెప్పే మాట ఒకటే: బ్యాటరీని లేపడం, అంటే చార్జర్ గుర్తుపట్టే వోల్టేజీ దాకా తేవడం, ఒక పని, నింపడం ఇంకో పని. ఈ రెంటినీ ఒకే పరికరంతో చేయాలని చూసినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ముందు మీటరు, తర్వాత మాట

మూడు నాలుగొందల రూపాయల మల్టీమీటరు లేకుండా ఏ దారీ ఎంచుకోవద్దు. ఇన్వర్టర్ డిస్‌ప్లే మీద గీతలు నమ్మొద్దు. లోడ్ అంతా ఆపి, బ్యాటరీల మధ్య కలిపే వైరు కూడా తీసేసి, ఒక గంట ఆగి దేనికది కొలవండి.

12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉండి విశ్రాంతిలో ఉంటే 12.7 దగ్గర చూపిస్తుంది. 12.2 అంటే సగం. 11.7 కిందకి వచ్చిందంటే అడుగు కనిపిస్తున్నట్టే. 11 పైన ఉంటే ఏ గొడవా లేదు, లోడ్ ఆపేసి సొంత కంట్రోలర్‌కే వదిలేస్తే ఎండ చూసుకుంటుంది. 6కీ 11కీ మధ్య ఉంటే దాన్ని లేపాలి. 6 కంటే తక్కువుంటే ప్రయత్నించవచ్చు గానీ కొత్త బ్యాటరీకి డబ్బు కూడా పక్కన పెట్టుకోండి.

వోల్టులతో పాటు ఇంకో లెక్క ఉంది, నా దృష్టిలో అదే పెద్దది: ఖాళీగా ఎన్ని రోజులు పడుంది? దిగిపోయిన బ్యాటరీలో పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. మొదట్లో అది మెత్తని పూత లాంటిది, చార్జ్ పెడితే కరిగిపోతుంది. రోజులు గడిచేకొద్దీ గట్టి పలుకులు కడుతుంది, కరెంటుని లోపలికి రానివ్వదు. ఖాళీ అయిన రెండు మూడు రోజుల్లో చార్జింగ్ మొదలుపెడితే నష్టం పెద్దగా ఉండదు. రెండు మూడు వారాలైతే కొంత శక్తి పోయి కొంత మిగులుతుంది. నెలలు గడిస్తే మీటరు మీద అంకె ఎలా ఉన్నా ఆశ తక్కువ. 8 వోల్టులకి దిగి నిన్ననే ఆగిన బ్యాటరీ, 10 వోల్టుల దగ్గర మూడు నెలలు మూలన పడున్న బ్యాటరీ పక్కపక్కన పెడితే నేను మొదటిదే తీసుకుంటాను.

మన తీరంలో ఈ లెక్క మరీ ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్. ఈ తుపాన్లన్నీ దసరాకి అటూ ఇటూ వచ్చినవే. ఎండ తగ్గే రోజులూ, కరెంటు పోయే రోజులూ ఒకేసారి వస్తాయి. తిత్లీ తర్వాత ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు స్తంభం ఉన్న ఇల్లూ మా తోట ఇల్లూ ఒకటే. పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య బ్యాటరీ గురించి ఆలోచించే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆ ఓపిక వచ్చేసరికి సల్ఫేట్ గట్టిపడిపోతుంది.

లేపడానికి ఉన్న దారులు

చాలామంది మొదట చేసేది జనరేటర్ తెచ్చి ఇన్వర్టర్‌కి కలపడం. ఇది తప్పు కాదు గానీ లేపే పనికి సాధారణంగా పనికిరాదు. బ్యాటరీ వోల్టేజీ మరీ తక్కువుంటే ఇన్వర్టర్ లోపలి చార్జర్ అసలు మొదలే కాదు. ఇన్వర్టర్‌కి ప్రాణం బ్యాటరీ నుంచే కదా! నా 17.2 వోల్టులకి జనరేటర్ గంట సేపు మోగింది, పెట్రోలు కాలింది, బ్యాటరీ వోల్టేజీ చుక్క పెరగలేదు. అందుకే దీన్ని నింపే పనికి దాచుకోమంటాను, దాని మాట తర్వాత.

రెండో దారి, బ్యాటరీలని సోంపేటకో కాశీబుగ్గకో తీసుకెళ్లి షాపులో చార్జింగ్ పెట్టించడం. కరెంటున్న చోట పాతకాలపు చార్జర్, అంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, ముందు ఒక ముల్లు మీటరు ఉండేది, ఈ పనికి రాజు లాంటిది. దానికి బుద్ధి లేదు, అదే దాని గొప్పతనం. బ్యాటరీలో 3 వోల్టులున్నా కరెంటు తోస్తుంది. ఇప్పుడు వస్తున్న తెలివైన ఆటోమేటిక్ చార్జర్లు ముందు వోల్టేజీ చూసి, తక్కువుంటే ఎర్ర లైటు వేసి పని మొదలుపెట్టవు. కానీ షాపు దారికి రెండు చిక్కులు. 150 ఏహెచ్ ట్యూబులర్ ఒక్కొక్కటి 50, 60 కిలోలు ఉంటుంది. ఆటోలో గతుకుల రోడ్డు మీద ఒరిగితే యాసిడ్ చిందుతుంది, నా లుంగీకి పడ్డ చిల్లులే సాక్ష్యం. రెండోది, షాపువాళ్లు పది బ్యాటరీలని ఒకే వరుసలో కలిపి మిగతావి నిండగానే మీదీ తీసేస్తారు. మీది పూర్తిగా దిగిపోయిందని చెప్పి, విడిగా, తక్కువ కరెంటుతో, రెండు రోజులు పెట్టమని అడగండి. ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వండి. సాయంత్రానికే ఇచ్చేస్తానన్న షాపులో నేనైతే పెట్టను.

మూడోది ట్రాక్టరు. ఊళ్లో దొరికేది అదే కాబట్టి అందరికీ ఇదే తోస్తుంది. ట్రాక్టరు 12 వోల్టులది కనుక మీ బ్యాటరీలని ఒక్కొక్కటిగానే పెట్టాలి, సిరీస్‌లో ఉన్న జతకి తగిలించకూడదు. పూర్తిగా ఖాళీ అయిన పెద్ద బ్యాటరీని నేరుగా జంపర్ వైర్లతో కలిపితే ఒక్కసారిగా పెద్ద కరెంటు పారుతుంది. వైరు వేడెక్కుతుంది, ట్రాక్టరు ఆల్టర్నేటర్ మీద భారం పడుతుంది. అరగంట, మహా అయితే గంట, బ్యాటరీ 11 దాటే వరకూ చాలు. దీనితో నింపుదామనుకుంటే డీజిల్ ఖర్చు, ట్రాక్టరు యజమాని ముఖం, రెండూ చూడలేం.

మంచి బ్యాటరీని పక్కన పెట్టి ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపే దారి కూడా దాదాపు ఇదే. దీనికి ఒక పాత మెకానిక్ నాకు నేర్పిన చిట్కా ఉంది. ప్లస్ వైరు మధ్యలో 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు పెట్టాలి. మొదట బల్బు ఎర్రగా వెలుగుతుంది. దిగిపోయిన బ్యాటరీ లేస్తున్నకొద్దీ వెలుతురు మసకబారుతుంది. మీటరు చూడక్కర్లేదు, బల్బే చెబుతుంది. కరెంటు కొన్ని ఆంపియర్లు దాటదు కాబట్టి భయం లేదు. కాకపోతే ఇది నెమ్మది, మంచి బ్యాటరీ కూడా కొంత దిగుతుంది.

నేను చివరికి చేసింది నాలుగోది: ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలపడం. కరెంటు లేని చోట, ఎండ ఉన్నప్పుడు, లేపడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. కానీ ఇదే అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది కూడా. కంట్రోలర్ లేదు కాబట్టి ఆపేవాళ్లు మీరే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా ప్యానెల్ వైర్లు కంట్రోలర్ నుంచి తీసేశాను. కప్పెక్కి ప్యానెల్ మీద మందపాటి దుప్పటి కప్పించాను. ఎండలో ఉన్న ప్యానెల్ వైర్లు విడిగా పట్టుకుంటే 72 సెల్స్ ఉన్న ప్యానెల్‌కి 45 వోల్టుల దాకా ఉంటుంది, తీసేటప్పుడూ పెట్టేటప్పుడూ నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ ఎందుకు కూడదో కింద చెబుతాను. రెండు ప్యానెళ్లు సిరీస్‌లో ఉన్న ఇళ్లల్లో ఇది అసలు చేయొద్దు, అక్కడ 90 వోల్టులు. ఒక్క ప్యానెల్‌ని విడదీసి వాడాలి. ప్లస్ మైనస్ మీటరుతో సరిచూసుకుని, ఎక్కువ దిగిపోయిన 8.1 బ్యాటరీకి ఒక్కదానికే కలిపి, అప్పుడు దుప్పటి తీయమన్నాను.

మీటరు 8.1 నుంచి ఒక్కసారిగా 15.6కి ఎగిరింది. బ్యాటరీ నిండిపోయిందా? కాదు. పలకలు సల్ఫేట్‌తో మూసుకుపోయి కరెంటు లోపలికి పోవడం లేదన్నమాట. తొందరపడి తీసేయకుండా, మళ్లీ దుప్పటి సగం కప్పి, వెలుతురు తగ్గించి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. గంట గడిచాక అంకె మెల్లగా దిగడం మొదలెట్టింది. 14.8, 14.1, 13.2. వోల్టేజీ దిగుతోందంటే బ్యాటరీ కరెంటు తీసుకుంటోందని. ఎక్కించేటప్పుడు అంకె దిగితే సంతోషించాల్సింది ఇక్కడొక్కచోటే. 12 దాకా వచ్చాక దుప్పటి మొత్తం తీసేశాం. 330 వాట్ల ప్యానెల్ నుంచి 9 ఆంపియర్లు వస్తుంది. 150 ఏహెచ్ బ్యాటరీకి అది ఆరు శాతం, దిగిపోయినదానికి సరిగ్గా తగినంత. మధ్యాహ్నానికి మళ్లీ 13 దాటింది. రెండో బ్యాటరీని మర్నాడు ఇలాగే.

ఈ దారిలో మనిషి పక్కనుండాలి. తలుపు వేసుకుని పడుకుంటే సాయంత్రానికి బ్యాటరీ ఉడికిపోతుంది. అంకె అలా ఒకసారి దిగాక, మళ్లీ ఎక్కుతూ 14.4 దగ్గరకి రాగానే తీసేయాలి, ముందు దుప్పటి కప్పి, తర్వాతే వైరు.

అసలు కష్టం నింపడంలో

రెండూ 12 దాటాక మళ్లీ సిరీస్‌లో కలిపాను. కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ వైర్లు, ఆ తర్వాతే ప్యానెల్ వైర్లు, అదీ వరుస. ఈసారి కంట్రోలర్ 24 అని సరిగ్గా పోల్చుకుంది. ఇన్వర్టర్ ఆన్ అయింది. కాపలాదారు భార్య చప్పట్లు కొట్టి వెంటనే టీవీ పెట్టేసింది. చాలా ఇళ్లల్లో బ్యాటరీ చచ్చేది ఈ ఘడియలోనే.

లెక్క చూడండి. రెండు 150 ఏహెచ్ బ్యాటరీలంటే 3.6 యూనిట్ల కరెంటు. లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టినదంతా తిరిగి ఇవ్వదు, నింపడానికి నాలుగు యూనిట్ల పైనే కావాలి. నా రెండు ప్యానెళ్లు మంచి ఎండ రోజున ఇచ్చేది రెండు యూనిట్ల పైచిలుకు. ఏమీ వాడకపోతేనే రెండు రోజులు. ఫ్యాన్లూ టీవీ మామూలుగా వాడితే రోజుకి యూనిట్ పైగా పోతుంది. అప్పుడు నాలుగైదు రోజులైనా నిండదు, మధ్యలో ఒక్క మబ్బు రోజు వస్తే మళ్లీ మొదటికే. సగం నిండి సగం దిగి తిరిగే బ్యాటరీలో సల్ఫేట్ కరగదు, ఇంకా పేరుకుంటుంది.

పైగా ఆఖరి ఇరవై శాతం ఎప్పుడూ నత్తనడకే. 80 శాతం దాకా బ్యాటరీ ఇచ్చిందల్లా తాగుతుంది. ఆ తర్వాత వోల్టేజీ 14.4 దగ్గర నిలబడి, కరెంటు తగ్గుతూ గంటలు గంటలు పడుతుంది. ఎండ రోజుకి గట్టిగా ఐదు గంటలు. ఉదయమంతా ఖాళీ నింపడానికే సరిపోతే ఆ నెమ్మది పనికి ఎండ మిగలదు.

అందుకే ఇక్కడ జనరేటర్ పనికొస్తుంది, అదీ ఉదయం పూట. ఆరింటి నుంచి తొమ్మిది దాకా జనరేటర్‌తో ఇన్వర్టర్ చార్జర్ నడిపి, ఎండ ఎక్కగానే ఆపేసి మిగతాది ప్యానెళ్లకి వదిలేయడం. రాత్రి జనరేటర్ వేసి నిండే దాకా నడపడం కంటే ఇదే మేలు. ఎందుకంటే బ్యాటరీ నిండేకొద్దీ తాగడం తగ్గిస్తుంది, జనరేటర్ మాత్రం రెండొందల వాట్లకీ రెండు వేల వాట్లకీ దాదాపు ఒకేలా మోగుతుంది. చార్జింగ్ కరెంటు 10 నుంచి 15 ఆంపియర్ల మధ్య పెట్టండి, 150 ఏహెచ్‌కి అంతకంటే తొందర వద్దు. చిన్న జనరేటర్ల కరెంటు ఇన్వర్టర్‌కి నచ్చక తీసుకోకపోతే వెనక ఉన్న స్విచ్‌ని యూపీఎస్ నుంచి నార్మల్‌కి మార్చి చూడండి. నూటికి సగం సార్లు అదే మందు.

జనరేటర్ కొనాలా, అద్దెకా? ఏడాదికి ఒకటి రెండుసార్లు ముసురు కోసమైతే అద్దెకే. మా వైపు పెళ్లిళ్లకి లైటింగ్ ఇచ్చేవాళ్ల దగ్గర దొరుకుతుంది. ఆ డబ్బుతో ఇంకో ప్యానెల్ వేయించుకుంటే అసలు ఈ అవస్థే తగ్గుతుంది, నేను ఆ తర్వాత అదే చేశాను.

నిండిందని ఎలా తెలుస్తుంది? పచ్చ లైటు మాట మనకి తెలిసిందే. వంద రెండొందలకి హైడ్రోమీటర్ దొరుకుతుంది, గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న తూకం. సెల్ మూత తీసి కొంచెం యాసిడ్ పీల్చి కంటి ఎత్తున పట్టుకుంటే ఆ తూకం అలలా ఊగి ఒక గీత దగ్గర నిలుస్తుంది. ఖాళీ బ్యాటరీలో 1120, 1130 దగ్గర మునిగిపోయి ఉంటుంది. నిండాక 1240, 1250కి తేలాలి. గంటకోసారి మూడుసార్లు చూసినా అంకె మారకపోతే అప్పుడు నిండింది. నా 9.1 బ్యాటరీ ఆరు సెల్స్‌లోనూ 1235 పైకి వచ్చాయి. రెండోదానిలో ఐదు 1220 దాకా వచ్చి, ఒకటి 1160 దగ్గర ఆగిపోయింది.

అలా ఒక్క సెల్ వెనకబడితే ఈక్వలైజింగ్ చేయాలి, అంటే నిండిన తర్వాత కూడా తక్కువ కరెంటుతో, 15.5 వోల్టుల పైన, కొన్ని గంటలు ఉడికించడం. నీళ్లు పోసే ట్యూబులర్‌కే ఇది. బుడగలు బాగా వస్తాయి, మూతలు వదులు చేసి, కిటికీలు తెరిచి, మధ్యలో గ్రావిటీ, అంటే హైడ్రోమీటర్ అంకె, చూస్తూ చేయాలి. బ్యాటరీ పెట్టె చేతికి వేడిగా తగిలితే ఆపి చల్లారనివ్వాలి. ఆ బుడగలు హైడ్రోజన్. గాలిలో నాలుగు శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. బీడీ కాల్చే కాపలావాళ్లకి ఇది రెండుసార్లు చెప్పాలి.

నీళ్ల సంగతి. పలకలు తేలి కనిపిస్తుంటే చార్జింగ్‌కి ముందు అవి మునిగేంత మాత్రం డిస్టిల్డ్ వాటర్ పోయండి. మిగతాది నిండిన తర్వాతే. ముందే గీత దాకా పోస్తే చార్జింగ్‌లో ఉబ్బి బయటికి కారుతుంది. యాసిడ్ మాత్రం ఎప్పుడూ పోయొద్దు. "గ్రావిటీ తక్కువుంది, కొంచెం యాసిడ్ కలిపేద్దాం" అన్న మెకానిక్‌కి మర్యాదగా కాఫీ ఇచ్చి పంపేయండి. యాసిడ్ ఎక్కడికీ పోలేదు, సల్ఫేట్ రూపంలో పలకల మీదే ఉంది. చార్జ్ ఎక్కితే అదే తిరిగి వస్తుంది. బ్యాటరీకి ప్రాణం పోస్తామని అమ్మే పొడులూ ద్రావకాలూ నేను కొనలేదు, ఎవరికీ కొనమనీ చెప్పను.

సీల్డ్, లిథియం ఉన్నవాళ్లకి

పైన చెప్పిందంతా నీళ్లు పోసే బ్యాటరీ కోసం. మూతలు లేని సీల్డ్ బ్యాటరీ అయితే ఈక్వలైజింగ్ వద్దు, 14.4 దాటనివ్వొద్దు. లోపల ఎండిపోతే పోయడానికి దారి లేదు. నెమ్మదిగా ఐదు శాతం కరెంటుతో ఒక రోజంతా పెట్టి చూడండి, లేవకపోతే వదిలేయండి. ప్యానెల్ నేరుగా కలిపే ప్రయోగం సీల్డ్ మీద నేను చేయను.

లిథియం కథ పూర్తిగా వేరు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దిగిపోతే లోపల సెల్స్‌ని కాపాడే బీఎంఎస్ బోర్డు దారి మూసేస్తుంది, మీటరు సున్నా చూపిస్తుంది. చూసినవాళ్లు చచ్చిందనుకుంటారు. చాలాసార్లు అది తాళం వేసుకుని కూర్చుంది, అంతే. ఇలాంటివాటిని మేల్కొలిపే చార్జర్లు ఉన్నాయి. కొన్నిటికి పక్కన ఒక బటన్ ఉంటుంది. అదే వోల్టేజీ ఉన్న సరైన చార్జర్‌తో తాళం తెరుచుకుంటే గంటల్లో నిండిపోతుంది, సల్ఫేట్ బాధ లేదు. కానీ బీఎంఎస్ ముందే ఆపినా, నెలల తరబడి అలాగే వదిలేస్తే సెల్స్ ఇంకా దిగుతాయి. ఒక్కో సెల్ 2 వోల్టుల కిందకి పోయి చాన్నాళ్లు ఉంటే లోపల రాగి కరిగి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అలాంటిదాన్ని బలవంతంగా చార్జ్ చేయడం ఇంటి మధ్యలో నిప్పు పెట్టుకోవడమే. బోర్డుని పక్కకి తప్పించి నేరుగా సెల్స్‌కి వైరు ఇస్తానన్నవాళ్లని ఇంట్లోకి రానివ్వొద్దు. అమ్మినవాళ్లకే ఇచ్చేయండి.

ఎప్పుడు వదిలేయాలి

నిండిందని తేలాక ఒక రాత్రి పరీక్ష పెట్టండి. 24 వోల్టులు, 150 ఏహెచ్ జత మీద ఫ్యాన్లూ లైట్లూ కలిపి 150 వాట్ల లోడ్ వేస్తే, ఇన్వర్టర్ తినేది పోగా సగానికి రావడానికి పది గంటలు పట్టాలి. నాలుగు గంటలకే లోడ్ ఆపి కొలిస్తే 24.4కి వచ్చేసిందంటే బ్యాటరీ సామర్థ్యంలో సగం కంటే తక్కువే మిగిలింది. ఎంత చార్జ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోయి, ఒక సెల్ వైపు మాత్రం వేడెక్కుతున్న బ్యాటరీలో ఆ సెల్ షార్ట్ అయింది. దానికి ఏ దారీ లేదు.

జతలో ఒకటే పోతే? కొత్తదొకటి తెచ్చి పాతదానితో కలపమని షాపువాళ్లు చెబుతారు. పాతది ఏడాది లోపుదైతే సరే. మూడేళ్లు దాటినదైతే పాతది ముందే నిండి ముందే దిగి, కొత్తదాన్ని కూడా తనతో లాగేస్తుంది. అప్పుడు రెండూ మార్చడమే చౌక. పాతవి తూకానికి ఇచ్చేటప్పుడు తొందరపడి కాటాకి పెట్టకండి, కొత్తది కొనే షాపులో ఎక్స్చేంజ్ ఎంతిస్తారో కనుక్కోండి. కొత్తదాని మీద తయారైన నెల చూడండి. ఆరు నెలలు గోడౌన్‌లో ఉన్నదైతే అదీ కొంత దిగిందే, ఇంటికి తెచ్చాక ఒక రోజంతా చార్జ్ పెట్టాకే లోడ్ వేయండి.

ఇన్వర్టర్‌లో కట్ అయ్యే వోల్టేజీ మార్చుకునే వీలుంటే మార్చుకోండి. ఫ్యాక్టరీలో 21 దగ్గర పెడతారు, అంటే బ్యాటరీకి 10.5. పెద్ద లోడ్ మీద అది పర్వాలేదు. రెండు ఫ్యాన్ల చిన్న లోడ్ మీద 10.5కి వచ్చిందంటే అడుగు ఊడ్చేసినట్టే. నేను 23కి పెట్టాను. కాపలాదారు మొదటి వారం సణిగాడు, తెల్లవారుజామున నాలుగింటికే ఫ్యాన్ ఆగిపోతోందని. మూడో ప్యానెల్ వచ్చాక సణగడం ఆపేశాడు. ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు బ్యాటరీ దగ్గర ఇన్వర్టర్‌కి వెళ్లే మెయిన్ వైరు తెంపడానికి ఒక డీసీ ఎంసీబీ స్విచ్ పెట్టించాను. కంట్రోలర్ మాత్రం బ్యాటరీకి నేరుగా ఉంది, ఎండ వచ్చినప్పుడల్లా అది తన పని తను చేసుకుంటుంది.

ఆ 1160 సెల్ ఈక్వలైజింగ్ రెండుసార్లు చేశాక 1205 దాకా వచ్చింది, అంతకంటే రాలేదు. ఆ జత ఇంకో పద్నాలుగు నెలలు నడిచింది. గ్రావిటీ అంకెలన్నీ కాపలాదారు కొబ్బరికాయల షావుకారు ఇచ్చిన క్యాలెండర్ మీద, కాయల లెక్క పక్కనే రాసిపెడుతున్నాడు.